మీ ఇంటి పనుల లెక్క నూరు దాటుతోందా?

రెండు తెల్ల కాగితాలు, రెండు పెన్నులు తీసుకోండి. ఇంటి పనులు ఓ ఇరవై ఎంచి, రెండు కాగితాల మీదా ఒకే వరసలో రాయండి. ఆలుమగలిద్దరూ విడివిడిగా కూర్చుని, ఒక్కో పనిలో తన వాటా నూటికి ఎంతో వేయండి. పక్క కాగితంలోకి తొంగిచూడకూడదు. అయ్యాక పని పనికీ రెండు అంకెలూ కూడండి. వంటకి ఆవిడ 95 వేస్తే ఆయన 30 వేసి ఉంటాడు. పిల్లల చదువుకి ఆవిడ 70, ఆయన 50. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా కూడితే నూరు దాటుతుంది.

1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అనే కెనడా పరిశోధకులు 37 జంటలతో ఇలాంటి లెక్కే వేయించారు. 27 జంటల్లో మొత్తం నూరు దాటింది. ఇందులో ఏముంది, గొప్పలు చెప్పుకోవడం అందరూ చేసేదేగా అనుకోవచ్చు. అయితే వాళ్ళ జాబితాలో మంచి పనులే కాదు, "మన మధ్య గొడవలు రేపేది ఎవరు" లాంటివీ ఉన్నాయి. అక్కడ కూడా చాలామంది తమ వాటాను ఎక్కువే వేసుకున్నారు. కాబట్టి కారణం అహంకారం ఒక్కటే కాదు. మన చేతుల్తో చేసిన పని మనకి గుర్తుంటుంది, ఆ అలసటతో సహా. ఎదుటి మనిషి చేసిన పని మనకి కనబడేది అయిపోయాక. ఉతికిన బట్టలు బీరువాలో ఉంటాయి, ఉతికిన గంటసేపు మాత్రం మన బుర్రలో ఎక్కడా ఉండదు.

ఈ పరీక్ష ఇంట్లో చేసేటప్పుడు తేడా కొట్టేది జాబితా దగ్గరే. "వంట, గిన్నెలు, ఇల్లు ఊడవడం" అని పెద్ద పెద్ద పనులే రాస్తే కంటికి కనబడని పనంతా జారిపోతుంది. గ్యాస్ బుక్ చేయడం, అత్తగారి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించడం, స్కూలు వాట్సాప్ గ్రూపులో "రేపు తెల్ల డ్రెస్సు" అని వచ్చిందని గమనించడం, పనిమనిషి నాగా పెట్టిన పొద్దున ఏం చేయాలో ఆలోచించడం, వాళ్ళు మన పెళ్ళికి ఎంత చదివించారో గుర్తుపెట్టుకుని వాళ్ళింటి పెళ్ళికి అంత సర్దడం కూడా పనులే. బైకు సర్వీసింగు, కరెంటు బిల్లు, బ్యాంకు పనులు, రాత్రి తలుపులు చూసి తాళాలు వేయడం కూడా ఉండాలి. ఇరవైలో సగమైనా ఇలాంటివి లేకపోతే ఆ పరీక్ష దండగ.

కూడాక నూరు పైన ఎంత వచ్చిందని వాదించుకోవద్దు. 120 దాటిన పనులు రెండో మూడో ఉంటాయి, వాటినే తీసుకోండి. "ఈ పనిలో నువ్వు చేసేవి ఏమేమిటో చెప్పు" అని ఒకరినొకరు అడిగి, చెప్పినదాన్ని చెప్పినట్టు రాయండి. వంటలో తన వాటా 30 అన్నాయన లెక్కలో ఆదివారం మాంసం తేవడం, కూరగాయలు కోయడం ఉండొచ్చు. ఆవిడ లెక్కలో అవి "బజారు" కిందకి పోయి ఉంటాయి. తగాదాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "చూశావా, మనిద్దరం ఎక్కువ చెప్పుకుంటున్నాం, అంటే ఇద్దరం సమానమే" అని తీర్పు ఇచ్చే మగవాళ్ళు ఉంటారు. ఈ ప్రయోగం ఆ మాట చెప్పదు. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. అది కూడా ఆ పని అసలు చేసేవాళ్ళ మధ్య సగటు. ఇంటి పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది. 2024 సర్వేలో ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. ఇద్దరూ కాస్త కాస్త ఎక్కువ చెప్పుకుంటూనే ఉండవచ్చు, ఒకరి మీద నిజంగానే మూడింతల బరువూ ఉండవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఏది ఎంతో తేలాలంటే జ్ఞాపకాన్ని పక్కనపెట్టి రాతలోకి దిగాలి. ఆ సర్వే వాళ్ళు రోజుని అరగంట ముక్కలుగా చేసి, ఏ ముక్కలో ఏం చేశారని అడుగుతారు. మీరూ ఒక వారం అలాగే చేయండి, పండగలు, ప్రయాణాలు లేని మామూలు వారం. ఫ్రిజ్ మీద ఒక కాగితం, ఇద్దరికీ రెండు గళ్ళు. పని అయిన వెంటనే రాయాలి. రాత్రి పడుకోబోయే ముందు గుర్తుచేసుకుని రాస్తే మళ్ళీ అదే జ్ఞాపకం, అదే పొరపాటు. మూడో రోజుకి ఒకరు రాయడం మానేస్తారు, దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. మానేసినవాళ్ళ గళ్ళను రెండోవాళ్ళు నింపకూడదు. ఖాళీగా వదిలి మరుసటి వారం మళ్ళీ మొదలుపెట్టాలి.

పనుల లెక్క తేలిక, అంకెలున్నాయి కాబట్టి. అసలు చిక్కు ఉద్దేశాల లెక్క దగ్గర.

పెరుగు తెస్తానన్న మనిషి తేలేదు. జరిగింది అంతే. దాని వెనక కారణం మాత్రం మనమే రాస్తాం. దాంపత్యంలో ఈ కారణాల గురించి ఎక్కువ పరిశోధన చేసిన ఫ్రాంక్ ఫించమ్, థామస్ బ్రాడ్‌బరీ చూసినవాటిలో ముఖ్యమైనవి మూడు: కారణం ఆ మనిషిలోనే ఉందా, బయట ఉందా; ఎప్పుడూ ఉండేదా, ఈ ఒక్కసారికేనా; ఈ ఒక్క విషయానికేనా, అన్నింటికీ వర్తిస్తుందా. "ఆఫీసులో మీటింగు సాగి ఉంటుంది, మరిచిపోయాడు" అంటే కారణం బయట, ఈ పూటకి, పెరుగుకి మాత్రమే. "నేను చెప్పిందేదీ చెవికెక్కదు" అంటే కారణం మనిషిలో, ఎప్పటికీ, అన్నింటికీ. సఖ్యంగా ఉన్న జంటలు తప్పుకి మొదటి రకం కారణం, మంచి పనికి రెండో రకం కారణం రాసుకుంటాయి. సఖ్యత చెడిన జంటల్లో ఇది తలకిందులు: తప్పు చేస్తే స్వభావం, మంచి చేస్తే "ఇవాళ ఏదో కావాలి, అందుకే".

మన ఇళ్ళలో దీనికి ఇంకో మెట్టు కూడా ఉంది. "నువ్వెప్పుడూ ఇంతే" దగ్గర ఆగదు. "మీ వాళ్ళంతా ఇంతే" దాకా పోతుంది. పావులీటరు పెరుగుతో మొదలై వంశం మొత్తం మీదకి తీర్పు. నా మటుకు, తెలుగింట్లో జాగ్రత్తపడాల్సిన మొదటి మాట ఇదే. ఎందుకంటే దానికి జవాబుగా ఎదుటివాళ్ళు తమ ప్రవర్తన గురించి ఒక్క ముక్క మాట్లాడరు, అమ్మానాన్నల పరువు కాపాడుకోవడానికి దిగుతారు. పెరుగు సంగతి ఆ రాత్రికి తేలదు.

మీ నోట్లో, లేదా మనసులో, "ఎప్పుడూ", "ఒక్కనాడూ", "కావాలనే", "మీ వాళ్ళు" అనే మాటలు వచ్చాయంటే, కళ్ళతో చూసిందాన్ని దాటి కథ రాయడం మొదలైందని గుర్తు. ఆ వాక్యాన్ని ఆపి, వీడియో తీస్తే ఏం కనబడుతుందో అది మాత్రం చెప్పండి: "మంగళవారం ఏడింటికి తెస్తానన్నావు, తొమ్మిదింటికి వచ్చావు, తేలేదు."

కథ ఒకసారి కుదిరాక కంటికి కనబడేదే మారిపోతుంది. 1980లో ఎలిజబెత్ రాబిన్సన్, గెయిల్ ప్రైస్ అనే పరిశోధకులు దంపతుల ఇళ్ళలోకి పరిశీలకులను పంపి, వాళ్ళు ఒకరిపట్ల ఒకరు చేసే మంచి పనులను లెక్కపెట్టించారు. అదే లెక్క దంపతుల చేత కూడా వేయించారు. సఖ్యంగా లేని జంటలు, పరిశీలకులు చూసిన మంచిలో దాదాపు సగాన్ని అసలు గమనించనేలేదు. అదే ఏడాది రాబర్ట్ వైస్ అనే మనస్తత్వవేత్త ఇంకో మాట రాశాడు: బంధం మీద మొత్తంగా ఉన్న భావమే అప్పటికప్పుడు వినబడే మాటకి అర్థం చెప్పేస్తుందని. "ఇవాళ కూర బాగుంది" అన్న మాట ఒక ఇంట్లో మెచ్చుకోలు. ఇంకో ఇంట్లో "అంటే రోజూ బాగుండదనా?"

అందుకే ఇలాంటి దశలో ఉన్నవాళ్ళకి "కాస్త పాజిటివ్‌గా ఆలోచించండి" అనే సలహా ఎందుకూ కొరగాదు. కనబడనిదాని గురించి ఎలా ఆలోచిస్తారు? దానికంటే పది రోజుల పాటు రోజూ ఎదుటి మనిషి చేసిన రెండు పనులు, సమయంతో సహా, ఫోన్‌లో రాసుకోవడం పనికొస్తుంది. "ప్రేమగా ఉన్నాడు" అని రాయకూడదు. "6.40కి బాటిళ్ళలో నీళ్ళు పట్టాడు" అని రాయాలి. రెండు దొరక్కపోతే దొరకలేదని రాయండి. లేనిదాన్ని కల్పించి రాస్తే ఈ పని వల్ల ఉపయోగమే లేదు.

దీనికి తోడు, ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాం కాబట్టి తన మనసు నాకు తెలుసు అనే ధీమా ఒకటి. కెనెత్ సావిట్‌స్కీ, నికొలస్ ఎప్లీ మరికొందరు 2011లో 24 జంటలతో చేసిన ప్రయోగంలో, రెండర్థాలొచ్చే మామూలు వాక్యాలను వీపు వెనక నుంచి చెప్పించి, అర్థం ఊహించమన్నారు. సొంత మనిషి చెప్పినా, ఎవరో కొత్త మనిషి చెప్పినా ఊహ సరిపోయింది దాదాపు ఒకే మోతాదులో. తేడా ఒక్కటే: సొంతవాళ్ళకి బాగా అర్థమైపోయి ఉంటుందని చెప్పేవాళ్ళు ఎక్కువ నమ్మారు.

గొంతు కూడా లేకపోతే ఇంకా కష్టం. జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ఈమెయిల్ మీద చూసింది. తాము వెటకారంగా రాశామో, మామూలుగా రాశామో చదివేవాళ్ళు నూటికి 78 సార్లు పట్టేస్తారని రాసినవాళ్ళు అనుకున్నారు. నిజంగా పట్టింది 56 సార్లు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ఒంటరి "సరే" కోసం ఎన్ని రాత్రుళ్ళు పాడయ్యాయో! డబ్బు, అత్తవారిల్లు, ఊరికి ఎప్పుడు వెళ్ళాలి, ఈ మూడింటినీ మెసేజిల్లో మాట్లాడకపోవడమే నయం. ఫోన్ చేయండి.

మరి ఎదుటివాళ్ళ స్థానంలో నిలబడి ఆలోచిస్తే? అందరూ చెప్పే మందు ఇదే. తల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, ఎప్లీ 2018లో 25 ప్రయోగాల్లో దీన్ని పరీక్షించారు. ఎదుటివాళ్ళ కోణంలోంచి ఊహించుకోమంటే అంచనాలు మెరుగుపడలేదు. మెరుగుపడింది నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడే. ఊహించడం మన బుర్రలోనే జరుగుతుంది, అక్కడ ఉన్న సమాచారం పాతదే కదా.

అడగడంలో ఒక పద్ధతి ఉంది. "ఎందుకలా చేశావ్?" అన్నది తెలుగులో ప్రశ్న కాదు, నిలదీయడం. దానికి వచ్చేది సంజాయిషీయే. జరిగింది, నా ఊహ, ప్రశ్న, ఈ వరసలో చెప్పి చూడండి: "నిన్న మా అక్క ఫోన్ చేసినప్పుడు నువ్వు లేచి లోపలికి వెళ్ళావు. మాట్లాడటం ఇష్టంలేక వెళ్ళావేమో అనుకున్నాను. అది నా ఊహే, అప్పుడు నీకేమనిపించింది?" ఊహను ఊహ అని పైకి చెప్పడమే ఇందులో అసలు పని. దాంతో ఎదుటి మనిషికి దాన్ని సరిదిద్దే వీలు దొరుకుతుంది.

ఇది చెడేది రెండు చోట్ల. జవాబు వచ్చాక "అబద్ధం, అందుకు కాదు" అంటే ఇంక ఎప్పుడూ నిజం రాదు. ఆ పూటకి జవాబుని తీసుకుని ఊరుకోవాలి, నమ్మకం కుదరకపోయినా సరే. రెండోది, హాల్లో అత్తమామలో తోడికోడలో ఉండగా అడగడం. అక్కడ వచ్చే జవాబు మీ కోసం చెప్పింది కాదు, వింటున్నవాళ్ళ కోసం చెప్పింది.

పెళ్ళికి ముందు ఇదే మనసు ఎదురు దిక్కుకి వాలుతుంది. 1972లో కారెన్ డయన్, ఎలెన్ బెర్షీడ్, ఎలైన్ వాల్‌స్టర్ 60 మంది విద్యార్థులకి ఫోటోలు చూపిస్తే, అందంగా ఉన్నవాళ్ళకే మంచి స్వభావం, మంచి సంసారం ఉంటాయని అంచనా కట్టారు. పెళ్ళిచూపుల్లో ఈ వెలుగు అందం నుంచే రానక్కర్లేదు. ప్యాకేజీ, గ్రీన్ కార్డు, "వాళ్ళ నాన్న గెజిటెడ్ ఆఫీసర్" చాలు, మిగతా గుణాలన్నీ మనసే నింపేస్తుంది. "కోపం వస్తుందా?" అని అడిగితే ఎవరైనా "పెద్దగా రాదండీ" అంటారు. "ఈ మధ్య ఇంట్లో ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చిందా, అది ఎలా సర్దుకుంది?" అని అడిగితే ఒక సంఘటన వస్తుంది, అందులో మనిషి కనబడతాడు. ఏవి ఉంటే సంబంధం వద్దనుకోవాలో మూడు విషయాలు చూపులకి వెళ్ళకముందే రాసిపెట్టుకోండి, వెళ్ళొచ్చాక రాస్తే అవి ఆ మనిషికి సరిపోయేలా మారిపోతాయి. నిశ్చితార్థం అయ్యాక, మండపానికి అడ్వాన్సు కట్టాక, కొత్తగా కట్నం మాట ఎత్తినా "ఇంతదూరం వచ్చాక ఏం చేస్తాం" అంటారు. పోయిన డబ్బు పోయినదే. ఇంకా జరగని పెళ్ళిని దాంతో తూచకూడదు.

అలాగని మనసు ఇలా ఒక వైపు మొగ్గడం ప్రతిసారీ చెడ్డది కాదు. సాండ్రా మర్రే బృందం 1996లో చూసిన జంటల్లో, భాగస్వామి తన గురించి తాను చెప్పుకున్నదానికంటే కాస్త మెరుగ్గా ఆ మనిషిని చూసినవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. "మా ఆయన బంగారం" అనుకునేవాళ్ళని కూర్చోబెట్టి లెక్కలు చెప్పాల్సిన పనిలేదు.

గొడవలు తరచూ వచ్చే ఇంటికి మాత్రం ఒక పద్ధతి ఉంది, ఖర్చు లేనిది. 2013లో ఎలీ ఫింకెల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 120 జంటలు రెండేళ్ళ పాటు, నాలుగు నెలలకోసారి, తమ మధ్య వచ్చిన పెద్ద తగాదాని వాస్తవాలు మాత్రమే పెట్టి రాశాయి. మొదటి ఏడాది అందరిలోనూ సంతృప్తి కొంచెం కొంచెం తగ్గింది. రెండో ఏడాది సగం జంటల చేత అదనంగా ఏడు నిమిషాలు, ఏడాదికి మూడుసార్లు, ఇంకో రాత పని చేయించారు. వాళ్ళలో ఆ తగ్గుదల ఆగింది. గొడవల సంఖ్య తగ్గలేదు, వాటి వల్ల కలిగే బాధ తగ్గింది.

ఆ ఏడు నిమిషాల్లో రాసేవి మూడు. ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి ఈ తగాదాని చూస్తే ఏమనుకుంటారు, అందులో ఏం మంచి కనబడుతుంది? గొడవ మధ్యలో అలా చూడటానికి నాకు అడ్డొచ్చేవి ఏమిటి? వచ్చే నాలుగు నెలల్లో ఆ అడ్డంకుల్ని దాటి అలా చూడాలంటే ఏం చేయాలి?

మూడో మనిషిని ఎంచుకోవడంలో చాలామంది తప్పు చేస్తారు. మీ అమ్మ మూడో మనిషి కాదు. ఆఫీసులో మీ బాధలన్నీ వినే స్నేహితురాలు కూడా కాదు, ఆవిడ విన్నది ఒక వైపు కథే. ఇద్దరినీ పెళ్ళికి ముందు నుంచీ ఎరిగిన ఒక బాబాయో, పెద్ద వయసు పొరుగావిడో అయితే కుదురుతుంది. నిజంగా వాళ్ళని అడగక్కర్లేదు, వాళ్ళ కళ్ళతో రాస్తే చాలు. రెండో ప్రశ్నకి "తను మొండి" అని రాస్తే కొట్టేయండి, అడిగింది మీకు అడ్డొచ్చేదాని గురించి. "ఆకలి మీద ఉన్నాను", "పిల్లల ముందు తగ్గడం నామోషీ అనిపించింది", ఇలాంటివి రాయాలి. గొడవైన రాత్రే రాయకండి, మరునాడు రాయండి. మరీ నెల ఆగకూడదు. ఇప్పటి భావాన్ని బట్టి పాత విషయాలు కూడా రంగు మార్చుకుంటాయి. కేథీ మెక్‌ఫార్లాండ్, మైకేల్ రాస్ 1987లో, ప్రేమికులు రెండు నెలల కింద తమ తోడు గురించి ఇచ్చిన మార్కుల్ని ఇప్పుడు గుర్తుచేయమంటే, ఇప్పటి అభిప్రాయానికి దగ్గరగా గుర్తుతెచ్చుకున్నారని చూపించారు. "మొదట్నుంచీ ఇంతే" అన్న మాటని అంత తేలిగ్గా నమ్మకూడదు.

పైన చెప్పినదంతా చిన్నా చితకా విషయాలకి. జేమ్స్ మెక్‌నల్టీ, ఎరిన్ ఒమారా, బెంజమిన్ కార్నీ 2008లో కొత్త జంటల మీద ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన సమస్యలున్న చోట భాగస్వామి తప్పులకి మంచి కారణాలు వెతికి సర్దుకుపోయినవాళ్ళకి ఆ సమస్యలు ముదిరాయని తేలింది. తిట్టు, దెబ్బ, జీతం లాక్కోవడం, ఫోన్ తనిఖీ చేయడం, పుట్టింటికి వెళ్ళనీయకపోవడం లాంటి వాటికి "పని ఒత్తిడి వల్ల", "చిన్నప్పుడు అలా పెరిగాడు పాపం" అని కారణం రాసి పెట్టకండి. అక్కడ ఉద్దేశం ఏమిటన్నది ప్రశ్నే కాదు. ఏం జరిగింది, ఏ తేదీన, ఎన్నిసార్లు, ఎవరు చూశారు అన్నవే రాసి, ఆ కాగితం ఇంట్లో కాకుండా నమ్మకమైనవాళ్ళ దగ్గర పెట్టండి. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181, ప్రాణం మీదకి వస్తే 112. అలాంటి ఇంట్లో ముందు చెప్పిన రెండు కాగితాల పరీక్ష అసలు పెట్టొద్దు.